'ద గివర్' నవలలో బైబిలు ఛాయలు: ఏది నిలుస్తుంది, ఏది నిలవదు?

బ్రాడీపేట ఇంగ్లీషు టీచర్:

తొమ్మిదో తరగతి పఠన బృందానికి ఈ టర్మ్‌లో లోయిస్ లోరీ రాసిన 'ద గివర్' (1993) పెట్టాం. కథ తెలియని వాళ్లకి: నొప్పి, రంగులు, పాత జ్ఞాపకాలు లేకుండా చేసుకున్న ఒక ఊరు. ఆ జ్ఞాపకాలన్నీ ఊరి బదులు మోసే ముసలాయన గివర్. వాటిని అందుకోడానికి ఎంపికైన పన్నెండేళ్ల కుర్రాడు జోనస్, వాళ్లింట్లో ఉంచిన పసివాడు గేబ్రియల్ (గేబ్). జోనస్ ఊరు దాటిపోతే అతను మోసే జ్ఞాపకాలు ఊరి మీద పడతాయి. ముప్పై మంది పిల్లలు. చదవడం అయిపోయింది, ఇప్పుడు చార్టులు వస్తున్నాయి. సగానికి పైగా ఒకటే వరస: జోనస్ అంటే యేసు, గివర్ అంటే తండ్రి దేవుడు, గేబ్రియల్ అంటే దేవదూత, ఆపిల్ అంటే ఆదాము పాపం, చివర్లో కొండ కింద లైట్లు అంటే పరలోకం. ఒకరి చార్టు చూసి ఒకరు దింపినట్టున్నారు.

తప్పని కొట్టేయడానికి చెయ్యి రావడం లేదు. ఆ పేర్లు ఊరికే పెట్టినట్టు లేవు మరి. అలాగని పది మార్కులు వేసి పంపించడానికీ మనసొప్పడం లేదు. వీటిలో పుస్తకంలోనే ఆధారం ఉన్నవేవి, గాలివాటు పోలికలేవి? క్లాసులో చర్చిలకి వెళ్లే పిల్లలున్నారు, వెళ్లని వాళ్లున్నారు, ముస్లిం పిల్లలున్నారు. ఎవరినీ బయట కూర్చోబెట్టకుండా రెండు పీరియడ్లలో ఎలా నడపాలి? పీరియడ్ నలభై నిమిషాలు.

పటమట పాతపుస్తకాలు:

మేడమ్, ముందు పేర్ల సంగతి చూద్దాం. మీ పిల్లల చార్టుల్లో గట్టిగా నిలబడేవి అవే, తప్పుగా చదివినవీ అవే.

'జోనస్' అన్న మాట చెవికి 'జీసస్'లా వినబడుతుంది కాబట్టి అటు లాక్కెళ్లారు. అది యోనా పేరు. కింగ్ జేమ్స్ ఇంగ్లీషు బైబిల్లో పాత నిబంధనలో 'జోనా' అని ఉంటుంది. అదే ప్రవక్త కొత్త నిబంధనలోకి వచ్చేసరికి గ్రీకు రూపంలో 'జోనస్' అవుతాడు. మత్తయి 12:39 నుంచి 41 దాకా తీసి చూడండి. మన తెలుగు బైబిల్లో రెండు చోట్లా యోనా అనే ఉంటుంది కాబట్టి తెలుగులో చదివే పిల్లలకి ఈ ముడి కనబడదు.

యోనా అనగానే వీబీఎస్‌లో (సెలవుల్లో చర్చిలో పెట్టే బైబిలు తరగతుల్లో) నేర్చుకున్న చేప గుర్తొస్తుంది. నవల్లో మనిషిని మింగే చేప లేదు కదా అని అక్కడితో ఆపేస్తారు. చూడాల్సింది యోనా 1:12. తుఫాను ఆగాలంటే నన్నెత్తి సముద్రంలో పడేయండి అంటాడు. ఒక్కడు నీళ్లలో పడితే ఓడలో ఉన్న వాళ్లంతా బతుకుతారు. నవల్లో గివర్, జోనస్ కలిసి వేసిన మొదటి పథకం గుర్తు చేసుకోండి. జోనస్ సైకిలూ బట్టలూ నది ఒడ్డున దొరకాలి, పిల్లాడు నీళ్లలో కొట్టుకుపోయాడని ఊరంతా నమ్మాలి, వాడు పోయాడనుకున్నాకే ఊరికి జ్ఞాపకాలు తిరిగిరావాలి. ఇది చేప కన్నా చాలా దగ్గరి పోలిక.

తేడా కూడా అక్కడే ఉంది. దేవుడు నీనెవెకి వెళ్లమంటే యోనా యొప్పేలో తర్షీషు ఓడెక్కి పారిపోయాడు. పని తప్పించుకోడానికి పారిపోవడం అది. జోనస్‌కి పారిపోవడమే పని. ఈ రెండు వాక్యాలూ రాసిన పిల్లాడికి నేనైతే ఆ ఒక్క పేరు మీదే సగం మార్కులు ఇచ్చేస్తాను.

గేబ్రియల్ దగ్గరికొస్తే, గుణదల మాత కొండెక్కే పిల్లలకి మంగళవార్త జపం నోటికొచ్చు కాబట్టి గబ్రియేలు ఎవరో చెప్పక్కర్లేదు. లూకా 1:26లో నజరేతుకి వచ్చేది ఆయనే, అంతకు ముందు దానియేలు 8:16లో, 9:21లో దర్శనం అర్థం విప్పేదీ ఆయనే. ఆయన పనల్లా కబురు తేవడం. నవల్లో గేబ్ ఏ కబురూ తేడు. మాటలు రాని పసివాడు, రాత్రుళ్లు నిద్రపోడు, వాడికిచ్చిన నంబరు ముప్పై ఆరు. కాబట్టి 'దేవదూత' అని బాణం గీసి వదిలేస్తే అర్థం లేదు. కానీ వాడి పేరు కథలోకి ఎలా వచ్చిందో చూడండి. డిసెంబరు వేడుక దాకా పసివాళ్లని పేరు పెట్టి పిలవకూడదు. జోనస్ తండ్రి జాబితాలోకి తొంగి చూసి ముందే ఆ పేరుతో పిలవడం మొదలుపెడతాడు. నియమాలు తు.చ. తప్పని ఆయన మొదటి తప్పు ఈ పేరు దగ్గరే చేశాడు. తర్వాత ఆయనే మరో పసివాడి నుదుటి నరంలోకి సూది గుచ్చుతాడు. 'గేబ్రియల్' గురించి రాసేవాళ్లు ఈ రెండు సన్నివేశాలూ పక్కపక్కన పెడితే చాలు, దేవదూత రెక్కలు అక్కర్లేదు.

ఆపిల్ సంగతి. ఆదికాండము 3లో ఆపిల్ అన్న మాటే లేదు, 'ఫలము' అనే ఉంది. పడమటి చిత్రకారుల బొమ్మల్లో అది ఆపిల్ అయి కూర్చుంది. లాటిన్‌లో 'మాలుమ్' అనే మాటకి అచ్చు దీర్ఘంగా పలికితే ఆపిల్, హ్రస్వంగా పలికితే చెడు. ఆ శ్లేష కూడా కలిసొచ్చింది. లోరీ ఇంగ్లీషు పాఠకులకి రాస్తోంది, వాళ్లకి ఆపిల్ అంటే ఆదాము ఉన్న ఏదెను తోట గుర్తొస్తుందని ఆమెకి తెలియకుండా ఉండదు. అందుకే ఈ పోలిక ఉందనే నా లెక్క. అయితే 3వ అధ్యాయం దగ్గరగా చదివితే ఒక తమాషా కనిపిస్తుంది. జోనస్, అతని స్నేహితుడు ఆషర్ ఆపిల్ విసురుకుంటూ ఆడుతుంటే గాల్లో అది ఒక్క క్షణం ఏదోలా మారుతుంది. జోనస్ దాన్ని తినడు, ఇంటికి పట్టుకెళ్తాడు. వెంటనే స్పీకర్లో హెచ్చరిక: తినుబండారాలు తినడానికే, దాచుకోడానికి కాదు. ఏదెనులో తినడం తప్పు, ఇక్కడ తినకపోవడం తప్పు. ఆ తోటలో 'మంచి చెడ్డల తెలివి' ఇచ్చే చెట్టుకి కంచె ఉంది. ఈ ఊళ్లో తెలివి కలుగుతుందేమో అన్న అనుమానానికే కంచె వేశారు. 12వ అధ్యాయంలో గానీ అది ఎరుపు రంగని జోనస్‌కి తెలియదు.

అరండల్‌పేట ఉపదేశి:

పైన పేర్ల గురించి బాగా రాశారు, నేను చేతల దగ్గర మొదలుపెడతాను. పేరు రచయిత్రి ఒక్క నిమిషంలో పెట్టేయొచ్చు. కథ ఏ దారిన నడుస్తోందన్నది అంత తేలిగ్గా పెట్టేది కాదు.

సండే స్కూల్లో పెరిగిన పిల్లలకి 'ముంగుర్తు' అనే మాట బాగా అలవాటు. ఇస్సాకు కట్టెలు మోయడం యేసు సిలువ మోయడానికి ముంగుర్తు, అరణ్యంలో ఇత్తడి సర్పం సిలువకి ముంగుర్తు, ఇలా. ఆ అలవాటుతోనే నవలనీ చదువుతారు. చిక్కేమిటంటే ముంగుర్తుకి ముగింపు ముందే తెలుసు, అన్నీ ఒకే చోటికి చేరాలి. నవలకి ఆ బాధ్యత లేదు. సగం దాకా పోలికతో నడిచి, మిగతా సగం అడ్డం తిరగొచ్చు. ఈ పుస్తకం సరిగ్గా అదే చేస్తుంది.

గివర్ జ్ఞాపకాలు ఎలా ఇస్తాడు? జోనస్‌ని బోర్లా పడుకోబెట్టి, చొక్కా తీయించి, రెండు చేతులూ వీపు మీద ఆనించి. ఇది చూడగానే మన వాళ్లకి హస్తనిక్షేపణ, అంటే చేతులుంచి ప్రార్థించడం గుర్తొస్తుంది. 1 తిమోతి 4:14లో పెద్దలు చేతులుంచితే వరం కలుగుతుంది. నవల్లో కూడా పిల్లాణ్ణి ఎంపిక చేసేది 'పెద్దల' కమిటీయే. అయినా అసలు పోలిక లేవీయకాండము 16:21 అనుకుంటాను. ప్రాయశ్చిత్తార్థ దినాన అహరోను బతికున్న మేక తల మీద రెండు చేతులూ ఉంచి, ప్రజల పాపాలన్నీ ఒప్పుకుని, వాటిని దాని మీద మోపి, ఆ మేకని అరణ్యంలోకి తోలిస్తాడు. చేతుల్లోంచి భారం దిగుతుంది, మోసేవాడు ఊరి పొలిమేర దాటిపోతాడు. జోనస్‌కి జరిగింది ఇదే. చేతులూ కుదిరాయి, భారం కుదిరింది, పొలిమేర దాటడమూ కుదిరింది.

యెషయా 53:4 కూడా ఇక్కడే పెట్టుకోవచ్చు. "నిశ్చయముగా అతడు మన రోగములను భరించెను, మన వ్యసనములను వహించెను." ఊరందరి బదులు ఒక్కడు నొప్పి మోస్తాడు. 9వ అధ్యాయంలో జోనస్‌కిచ్చిన కాగితంలో ఎనిమిది నియమాలుంటాయి. శిక్షణలో కలిగే నొప్పికి మందు అడగకూడదన్నది వాటిలో ఒకటి. 14వ అధ్యాయంలో మంచు మీద జారే బండి జారి కాలు విరిగిన జ్ఞాపకం తీసుకుని ఇంటికి కుంటుకుంటూ వెళ్తాడు, మాత్ర దొరకదు. 15లో యుద్ధపు జ్ఞాపకం. చావబోతున్న కుర్రాడు నీళ్లడిగితే తన సీసాలోంచి తాగిస్తాడు. దాన్ని యోహాను 19:28లో 'దప్పిగొనుచున్నాను' అన్న మాటతో కలపొచ్చు. నన్నడిగితే మత్తయి 10:42లో గిన్నెడు చన్నీళ్లే ఎక్కువ దగ్గర.

ఇప్పుడు అడ్డం తిరిగే చోటు. లేవీయకాండపు మేక పోతే పాపం దానితో పోయింది, మళ్లీ రాదు, జనం తేలికపడ్డారు. యెషయా సేవకుడు మోశాడు కాబట్టి మనకి స్వస్థత. జోనస్ పొలిమేర దాటగానే వాడు మోసిందంతా ఊరి మీదికే తిరిగొస్తుంది. పదేళ్ల కింద, జోనస్‌కి ముందు ఇదే పనికి ఎంపికైన రోజ్‌మేరీ అనే అమ్మాయి విషయంలో అదే జరిగింది. అయిదు వారాల శిక్షణలో ఆమె అందుకున్న జ్ఞాపకాలు జనం మీద పడితే తట్టుకోలేకపోయారు. ఇప్పుడు ఏడాది జ్ఞాపకాలు. అంటే ఈ కథలో రక్షణ అనేది భారం తీసేయడం కాదు, ఎవరి భారం వాళ్లకి తిరిగిచ్చేయడం. ఒక్కడి మీద అన్నీ మోపి మిగతావాళ్లు హాయిగా ఉండటమే ఆ ఊరి తప్పు అని నవల వాదన. అలాంటప్పుడు 'జోనస్ అంటే యేసు' అని రాస్తే సువార్తకీ అన్యాయమే, నవలకీ అన్యాయమే.

ఇంకొకటి, ఇది తెలుగులో చెప్పేవాళ్లకే వచ్చే చిక్కు. ఆ ఊళ్లో చంపడాన్ని 'రిలీజ్' అంటారు, ఆ మాటకి మనం సహజంగా 'విడుదల' అంటాం. గుంటూరులో ఏ ప్రార్థన కూటానికి వెళ్లినా విడుదల అంటే ఏమిటి? తాగుడు నుంచి విడుదల, రోగం నుంచి విడుదల, పాపం నుంచి విడుదల. సాక్ష్యం చెప్పేవాళ్లు మొదట అనే మాట అదే. 'కమ్యూనిటీ'ని 'సంఘం' అంటే అదీ చర్చి మాటే. సంఘం, పెద్దలు, విడుదల: మూడూ ఆదివారం మాటలు, మూడూ ఆ నవల్లో భయంకరమైన మాటలు. ఇంగ్లీషులో చదివే పిల్లలకి ఈ గగుర్పాటు ఇంతలా తగలదు. 19వ అధ్యాయం చెప్పేటప్పుడు బోర్డు మీద 'విడుదల' అని రాసి, మీ ఇంట్లో ఈ మాట ఎప్పుడు వాడతారో చెప్పమనండి. జైలు అనేవాళ్లుంటారు, సినిమా రిలీజ్ అనేవాళ్లుంటారు, ప్రార్థన అనేవాళ్లుంటారు. అప్పుడు ఆ సూది సన్నివేశం చదివించండి.

ఏలూరు రోడ్డు:

కాస్త బ్రేకు వేస్తాను, ఏమనుకోవద్దు. చివరి లైట్లని పరలోకం చేయడం గురించి ఇంకా ఎవరూ మాట్లాడలేదు.

16వ అధ్యాయంలో గివర్ తనకిష్టమైన జ్ఞాపకం ఇస్తాడు. చలి, వెచ్చటి గది, దీపాలు పెట్టిన చెట్టు, కొవ్వొత్తులు, మంట, రంగు కాగితాల్లో బహుమతులు, తాత, నాయనమ్మ. క్రిస్మసే, సందేహం లేదు. కానీ ఆ గదిలో పశువుల తొట్టి లేదు, ప్రార్థన లేదు, బాలయేసు లేడు. జోనస్ ఆశ్చర్యపోయేది ముసలివాళ్లు పిల్లలతో కలిసి ఒకే ఇంట్లో ఉండటం చూసి. ఆ జ్ఞాపకంలోంచి వాడికి దొరికిన కొత్త మాట 'ప్రేమ'. ఇంటికెళ్లి నేనంటే మీకు ప్రేమేనా అని అడిగితే, మాట సరిగ్గా వాడు అని అమ్మానాన్నా దిద్దుతారు. లోరీ పండగలోంచి కుటుంబాన్ని తీసుకుని మతాన్ని పక్కన పెట్టిందని నా అభిప్రాయం. మన దగ్గర కూడా డిసెంబర్లో స్టార్ కట్టే ఇళ్లన్నీ చర్చికెళ్లే ఇళ్లు కావు కదా.

23వ అధ్యాయంలో కొండ దిగుతుంటే కనిపించే దీపాలు ఆ గదివే. వాడు చచ్చిపోయి పరలోకం చేరాడా, మంచులో భ్రమ పడ్డాడా, నిజంగా ఊరు దొరికిందా అన్నది 1993లో తెరిచి ఉంచిన తలుపు. ఆ తర్వాత మూడు పుస్తకాలొచ్చాయి: 2000లో 'గేదరింగ్ బ్లూ', 2004లో 'మెసెంజర్', 2012లో 'సన్'. 'మెసెంజర్'లో ఆ కొండ దిగిన ఎర్ర మంచు బండి మ్యూజియంలో ఉంటుంది, దాని మీద వచ్చిన కుర్రాడు పెద్దవాడై ఊరికి నాయకుడై ఉంటాడు. 'సన్'లో గేబ్ కూడా పెరిగి కనిపిస్తాడు. కాబట్టి 'చివర్లో పరలోకం చేరారు' అన్నది ఒక్క పుస్తకం వరకు వాదించుకోవచ్చు గానీ నాలుగు పుస్తకాల కథగా చూస్తే నిలవదు. చార్టులో 'మొదటి పుస్తకాన్ని మాత్రమే చూస్తే' అని ఒక మాట చేర్చమనండి.

రచయిత్రి ఉద్దేశం ఏమిటని పిల్లలు అడుగుతారు. ఈ నవలకి 1994లో, అమెరికాలో పిల్లల పుస్తకాలకిచ్చే న్యూబెరీ పతకం వచ్చింది. అప్పటి ప్రసంగంలో ఆమె చెప్పిన సంగతులు వేరే రకం. చిన్నప్పుడు టోక్యోలో అమెరికన్ల కోసం కంచె వేసి కట్టిన కాలనీలో ఉంటూ, సైకిల్ మీద గేటు దాటి షిబుయా వీధుల్లోకి వెళ్లడం. నర్సింగ్ హోమ్‌లో జ్ఞాపకం పోతున్న తండ్రి, తన పెద్ద కూతురు చనిపోయిన సంగతే మర్చిపోవడం. కంచె, సైకిలు, మరిచిపోతే పోయే నొప్పి, మూడూ నవల్లో ఉన్నాయి. బైబిలు పోలికలు తీసేయమనడం లేదు. రచయిత్రి బైబిలు ముందు పెట్టుకుని రాసిందన్నట్టు మాత్రం రాయనివ్వొద్దు.

బ్రాడీపేట ఇంగ్లీషు టీచర్:

ముగ్గురికీ ధన్యవాదాలండీ. 'విడుదల' సంగతి నాకు తట్టనే లేదు. ఉపదేశి గారూ, గివర్ దేవుడు అన్నదాని మీద కూడా ఒక మాట చెప్పండి. ఎక్కువ చార్టుల్లో ఉన్నది అదే. ఇక పీరియడ్ ప్లాన్, మార్కులు ఎవరైనా చెప్తే బాగుండు.

అరండల్‌పేట ఉపదేశి:

గివర్‌కి చేతిలో ఏమీ లేదండీ. సలహా అడిగితే చెప్తాడు, వాళ్లు వింటే వింటారు. తను ఇచ్చిన జ్ఞాపకం తనలోంచి పోతుంది. ఇస్తే తరిగిపోయే దేవుణ్ణి ఏ సంఘమూ ఒప్పుకోదు. ఒకటి మాత్రం వదలొద్దు. రోజ్‌మేరీ తన కూతురని ఆయన 20వ అధ్యాయం చివర్లో చెప్తాడు. బిడ్డని ఇచ్చిన తండ్రి అనగానే యోహాను 3:16 గుర్తు రావడం సహజం. కానీ ఆయన ఆమెని ఇవ్వలేదు, ఆమే వెళ్లి విడుదల అడిగింది, సూది తనే వేసుకుంది. ఆపడానికి ఆయనకి అధికారం లేకపోయింది. నియమాల్లో 'విడుదలకి దరఖాస్తు చేయకూడదు' అన్నది ఆ తర్వాతే చేరింది. దేవుడి కన్నా, బాధ్యత అప్పజెప్పి వెళ్లబోయే ముసలి ప్రవక్త అనుకుంటే దగ్గరగా ఉంటుంది. ఏలీయా తన పని ఎలీషాకి అప్పజెప్పినట్టు. ఇది కూడా పూర్తిగా కుదరదు, ఎందుకంటే గివర్ వెళ్లిపోడు. జనం జ్ఞాపకాలతో అల్లాడేటప్పుడు తోడుండాలని ఊళ్లోనే ఉండిపోతాడు.

కొరిటెపాడు బోర్డు-చాక్‌పీస్:

ప్లాన్ నేను చెప్తాను.

ముప్పై మందిని అయిదుగురు చొప్పున ఆరు గుంపులు చేయండి. గుంపుకో అధ్యాయం: 3, 11, 15, 16, 21, 23. 18, 19 మాత్రం గుంపులకి ఇవ్వొద్దు, మీరే నడపండి. ఒకదాంట్లో అమ్మాయి తన చావు తనే అడుగుతుంది, రెండోదాంట్లో పసివాడి చావు ఉంది. చదివించే ముందే ఇందులో ఇలాంటిది ఉందని చెప్పండి, గట్టిగా చదివించకండి, మౌనంగా చదవమనండి. ఆ రోజు క్లాసు అయ్యాక ఎవరైనా మాట్లాడాలంటే పదినిమిషాలు స్టాఫ్ రూములో ఉండండి.

ప్రతి గుంపుకీ ఒక ఏ-ఫోర్ కాగితం, అడ్డంగా పెట్టి నాలుగు గడులు. మొదటి గడిలో పుస్తకంలో ఏం జరిగిందో, అధ్యాయం నంబరుతో, పోలిక ఊసు లేకుండా. రెండో గడిలో అది ఏ పాత కథని గుర్తు చేస్తోందో, వచనం నంబరుతో. మూడో గడిలో ఎంతవరకు కుదిరింది. నాలుగో గడిలో ఎక్కడ తేడా కొట్టింది, ఆ తేడా వల్ల కథ ఏం చెప్తోంది. పిల్లలు ఎప్పుడూ రెండో గడి ముందు నింపుతారు, అదే అసలు జబ్బు. పోలిక ముందు రాసేస్తే పుస్తకాన్ని దానికి తగ్గట్టు వంచుతారు. అందుకని మొదటి పదిహేను నిమిషాలు రెండో గడి మీద ఇంకో కాగితం మడిచి పిన్ను కొట్టి ఇవ్వండి. వినడానికి చాదస్తంగా ఉంటుంది గానీ పని చేస్తుంది.

మొదటి పీరియడ్‌లో అయిదు నిమిషాలు 'విడుదల' మాట ఆట, పదిహేను మొదటి గడికి, పదిహేను రెండు, మూడు గడులకి, మిగతా అయిదు అటూ ఇటూ. రెండో పీరియడ్ మొత్తం నాలుగో గడికే. గుంపుకి నాలుగు నిమిషాల చొప్పున ఇరవై నాలుగు, ప్రశ్నలకి పది, చివర్లో కాస్త సవరణకి. నాలుగో గడి మొదటి రోజే రాయించాలని చూడకండి, పిల్లలు 'తేడా ఏమీ లేదు' అని రాసి ఇచ్చేస్తారు. రెండు పీరియడ్ల మధ్య ఒక రాత్రి గడవాలి.

మార్కులు పదికి: పుస్తకంలో ఆధారానికి నాలుగు, వచనం సరిగ్గా పట్టుకున్నందుకు రెండు, తేడా చెప్పినందుకు నాలుగు. 'అంటే' అన్న మాట వాడితే అర మార్కు కోత అని ముందే చెప్పండి. 'జోనస్ అంటే యేసు' అనలేకపోతే 'జోనస్ ఇక్కడ యోనాలా చేస్తాడు' అని క్రియతో రాయక తప్పదు. వాక్యం మారితే ఆలోచన మారుతుంది.

21వ అధ్యాయం వచ్చిన గుంపుకి మత్తయి 2:13, 14 చూడమని చిట్టీ ఇవ్వండి. హేరోదు పసివాళ్లని చంపబోతున్నాడని రాత్రివేళ బిడ్డని తీసుకుని ఐగుప్తుకి బయల్దేరడం. తెల్లారితే గేబ్‌ని విడుదల చేస్తారని తెలిసి జోనస్ ఆ రాత్రే తండ్రి సైకిల్ మీద బయల్దేరతాడు, వేసుకున్న పథకమంతా గాలికి పోతుంది. ఈ పోలిక చాలామంది చార్టుల్లో ఉండదు, ఆపిల్ మాత్రం అందరి దగ్గరా ఉంటుంది. తేడా ఏమిటో వాళ్లే పట్టుకుంటారు: అక్కడ యోసేపుకి కలలో దూత చెప్పాడు, ఇక్కడ ఎవరూ చెప్పలేదు, అన్నం తింటూ నాన్న మామూలుగా అనేసిన మాట.

లాలాపేట రీడర్:

ముస్లిం పిల్లల గురించి అడిగారు కాబట్టి ఒక మాట. యోనా వాళ్లకి యూనుస్, చేప కడుపులో ఆయన చేసిన దుఆ (ప్రార్థన) చాలామంది ఇళ్లలో నోటికొచ్చు. గేబ్రియల్ జిబ్రయీల్, వహీ (దేవుడి సందేశం) తెచ్చినవాడు. ఇద్దరూ పరాయివాళ్లు కారు. యూదులు ప్రాయశ్చిత్త దినాన మధ్యాహ్నం ప్రార్థనలో చదివేది యోనా గ్రంథమే. అంటే పైన ఉపదేశి గారు చెప్పిన మేకా, పాతపుస్తకాల వారు చెప్పిన యోనా ఒకే రోజుకి చెందినవాళ్లు. రెండో గడి పేరు 'బైబిలు వచనం' అని కాకుండా 'పాత కథ' అని పెట్టండి, ఎవరికి తెలిసిన కథ వాళ్లు రాస్తారు.

పటమట పాతపుస్తకాలు:

మంచు గురించి ఒక్క జాగ్రత్త. 11వ అధ్యాయం గుంపు కచ్చితంగా యెషయా 1:18 పట్టుకొస్తుంది: రక్తంలా ఎర్రనివైనా హిమంలా తెల్లబడును. ఎర్ర బండి, తెల్ల మంచు, చూడటానికి అద్దినట్టుంటుంది. కానీ 11లో బండి ఎర్రదని జోనస్‌కి తెలియదు, ఆ రంగు 12లో వస్తుంది. నవల్లో తెలుపు పవిత్రత కూడా కాదు. ఊరంతా రంగు లేకుండా ఉండటమే అక్కడి జబ్బు, ఎరుపు కనబడటమే మొదటి మేలు. వచనంలో ఎరుపు పోయి తెలుపు రావాలి, కథలో తెలుపు పోయి ఎరుపు రావాలి. ఈ గుంపుకి మూడో గడి ఖాళీగా ఉండి నాలుగో గడి నిండితే మార్కులు తగ్గించకండి.

క్రీస్తు పోలిక గట్టిగా కావాలనే పిల్లలుంటే వాళ్లకి వేసవి సెలవుల్లో 'మెసెంజర్' ఇవ్వండి. మ్యాటీ అనే కుర్రాడి చేతుల్లో మాన్పే శక్తి ఉంటుంది, అడవినీ ఊరినీ బాగుచేయడానికి దాన్నంతా ఖర్చుపెట్టి చనిపోతాడు. అక్కడ భారం ఎవరికీ తిరిగి రాదు. 2014లో వచ్చిన సినిమా మాత్రం ఈ ప్రాజెక్టుకి వద్దు. అందులో జోనస్‌ని బాగా పెద్దవాణ్ణి చేశారు, పన్నెండేళ్ల లెక్క పోయింది. లూకా 2:42 నుంచి 46 దాకా పన్నెండేళ్ల బాలుడు యేసు దేవాలయంలో బోధకుల మధ్య కూర్చుని ప్రశ్నలడిగిన సంగతి ఎవరైనా రాయాలంటే పుస్తకం ఉండాల్సిందే.

బ్రాడీపేట ఇంగ్లీషు టీచర్:

పిన్ను కొట్టిన కాగితాలు ఆరు రెడీ చేశాను. రెండో గడి పేరు 'పాత కథ' అని మార్చాను. శనివారం మొదటి పీరియడ్.